మీటింగుల్లో వినపడట్లేదని ఆఫీసుకి మెయిల్ పెట్టాక ఏం జరిగింది - నా అనుభవం

చెవి మిషన్ పెట్టుకుని ఐటీలో పనిచేసేవాళ్ళు, మిషన్ అవసరమున్నా జుట్టు కింద దాచుకుని నెట్టుకొచ్చేవాళ్ళు, ఎవరు కలిసినా నన్ను అడిగేది ఒకటే. హెచ్చార్‌కి మెయిల్‌లో అసలేం రాశావు, వాళ్ళేమన్నారు, రేటింగ్ దెబ్బతిందా అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే మొత్తం ఒకేసారి రాసేస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, ఓపికుంటే చదవండి.

నేను హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని. కంపెనీ పేరు చెప్పను, ఇంకా వాళ్ళ జీతమే తింటున్నా. రెండు చెవులూ సెన్సరీన్యూరల్ లాస్, మా ఊరి డాక్టర్ గారి మాటల్లో అయితే నరం వీక్. ఒక్కసారిగా పోలేదు, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది, ముందు సన్న శబ్దాలు పోయాయి, స, ష, త, ఫ ఇలాంటివి. దాంతో ఏమవుతుందంటే మనిషి మాట్లాడుతున్నట్టు వినపడుతుంది కానీ ఏమన్నాడో తెలీదు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతా కథంతా ఈజీ, ఎందుకంటే ఆఫీసులో ఎవరికి చెప్పినా ముందు అనేది "ఓ అదా, గట్టిగా మాట్లాడతాంలెండి" అని. గట్టిగా అరిస్తే అచ్చులు పెద్దవవుతాయి, హల్లులు ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి, పైగా మిషన్‌లోంచి ఆ అరుపు తలలో మోగుతుంది.

ఎదురుగా కూర్చుని ఒక్క మనిషి మాట్లాడితే మిషన్‌తో నాకు పెద్ద ఇబ్బంది లేదు. అదే కాన్ఫరెన్స్ రూమ్‌లో పదిమంది, టేబుల్ మధ్యలో ఒక స్పీకర్ ఫోను, నెత్తిన ఏసీ, అవతలి వైపు అమెరికా క్లయింట్, అంటే ఇక చేతులెత్తేయడమే.

విచిత్రంగా కరోనాలో ఇంటి నుంచి పనిచేసిన కాలమే నాకు ఉద్యోగంలో అన్నిటికన్నా సుఖంగా గడిచింది. బయటికెళ్తే మాస్కుల వల్ల పెదాలు కనపడక నరకం, కానీ పనిలో మాత్రం హెడ్‌సెట్, ఒక్కొక్కళ్ళ ముఖం ఒక్కో డబ్బాలో, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మాట్లాడటం, డౌటుంటే చాట్. తర్వాత వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాల్సిందే అన్నారు, టీమంతా మళ్ళీ ఆ రూముల్లోకి చేరింది, అప్పట్నుంచి మొదలైంది. మీటింగ్ అయిపోయాక పక్క కుర్చీలో అమ్మాయిని "ఏమన్నారే" అని అడగడం, ఆ అమ్మాయి లీవులో ఉన్న రోజు బిక్కుబిక్కుమంటూ కూర్చోవడం. ఒక రిలీజ్ డేట్ మార్చారన్న సంగతి నేను తప్ప రూమ్‌లో అందరికీ తెలిసిన రోజు, ఇక ఇది ఇలా నడవదు అనిపించింది.

అమ్మకి చెబితే "చెప్పుకోకే, చెబితే ఏదో వంక పెట్టి తీసేస్తారు" అంది. అమ్మని తప్పుపట్టను, మా ఇంట్లో చెవుడు అనే మాట పెళ్ళి సంబంధాల టైంలో ఎంత గుసగుసగా వాడారో నాకు తెలుసు. కానీ ఉద్యోగం పోతుందన్న భయానికి ఉన్న ఉద్యోగం సరిగ్గా చేయలేకపోవడం ఏం లెక్క?

ముందు చట్టం చదివా. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21 ఉన్నాయి. చెవి విషయానికొస్తే రెండు చెవుల్లోనూ మాట్లాడే ఫ్రీక్వెన్సీల్లో 60 నుంచి 70 డెసిబెల్స్ లాస్ ఉంటే హార్డ్ ఆఫ్ హియరింగ్, 70 ఉంటే డెఫ్ అని రాశారు. మనకి పనికొచ్చే మాట "రీజనబుల్ అకామడేషన్", అంటే ఆ మనిషి అందరితో సమానంగా పనిచేయడానికి అవసరమైన మార్పులు, యజమాని మీద మోయలేనంత బరువు పడకుండా. ఆ మార్పులు చేయడానికి నిరాకరించడం కూడా వివక్ష కిందకే వస్తుందని డెఫినిషన్‌లోనే ఉంది.

ఇక్కడ ఒకటి ముందే తెలుసుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగులకి ఉన్నంత గట్టి రక్షణ ప్రైవేటు వాళ్ళకి లేదు. మా పెదనాన్న కొడుకు గవర్నమెంట్ టీచరు, చిన్నప్పుడే పోలియో. ఆయనకి సెక్షన్ 20 ఉంది, ఆఫీసు వసతులు కల్పించి తీరాలి, సర్వీసులో ఉండగా ఎవరికైనా వైకల్యం వచ్చినా తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పోస్టు చేయలేకపోతే అదే జీతంతో ఇంకో పోస్టు చూపించాలి. కన్వేయన్స్ అలవెన్సు కూడా వస్తుంది. నేను ఇవన్నీ చదివి వినిపిస్తే "ఇవన్నీ మాకూ కాగితం మీదే చెల్లీ, ర్యాంపు వేయించుకోడానికి నా తలప్రాణం తోకకొచ్చింది" అన్నాడు, అది వేరే సంగతి. ప్రైవేటులో మనం పట్టుకోవాల్సింది సెక్షన్ 21. ప్రతి సంస్థా, ప్రైవేటుతో సహా, ఈక్వల్ ఆపర్చునిటీ పాలసీ పెట్టుకోవాలి. 20 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రైవేటు కంపెనీ అయితే అందులో సహాయ పరికరాలు, ట్రైనింగ్, స్పెషల్ లీవు, అడ్డంకులు లేని ఆఫీసు, వీటన్నిటి గురించీ రాయాలి, ఒక లయజన్ ఆఫీసర్‌ని, అంటే వికలాంగ ఉద్యోగుల సంగతులు చూసే మనిషిని పెట్టాలి.

మా ఇంట్రానెట్‌లో వెతికితే ఆ పాలసీ ఉంది! పీడీఎఫ్, చక్కగా లోగోతో, మొదటి పేజీలో వీల్‌చెయిర్ బొమ్మతో. ఎక్కడంటారా, లీవ్ పాలసీ పక్కన కాదు, కాంప్లయన్స్ ఫోల్డర్‌లో ఫైర్ ఎన్ఓసీ కింద. అందులో లయజన్ ఆఫీసర్‌గా పేరున్న ఆవిడకి మెయిల్ పెడితే బౌన్స్ అయింది, ఆవిడ ఎప్పుడో మానేశారట. నవ్వాలో ఏడవాలో తెలీలేదు కానీ ఆ పీడీఎఫ్ ఉండటమే నాకు పెద్ద బలం అయింది, ఎందుకంటే ఆ తర్వాత నేను ఏది అడిగినా చట్టం పేరెత్తాల్సిన పని లేకుండా "మన పాలసీ నాలుగో పేజీలో ఉన్నట్టు" అని మొదలుపెట్టేదాన్ని. చట్టం అంటే లీగల్ టీమ్ నిద్ర లేస్తుంది, మన పాలసీ అంటే హెచ్చార్ వాళ్ళే పని చేస్తారు. మీరు అడిగేముందు మీ కంపెనీ పాలసీ తప్పకుండా వెతికి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఇక మెయిల్. చాలామంది ఎలా రాస్తారంటే "నాకు వినికిడి సమస్య ఉంది, దయచేసి సహకరించగలరు". దీనికి వచ్చే జవాబు "తప్పకుండా, మేమున్నాం" అని ఒక పువ్వు బొమ్మ, అంతే. ఎందుకంటే అవతలివాళ్ళకి ఏం చేయాలో తెలీదు. మా ఆడియాలజిస్టు గారు, అంటే వినికిడి పరీక్షలు చేసే ఆవిడో ఆయనో అనుకోండి, మంచి సలహా ఇచ్చారు, జబ్బు గురించి కాదమ్మా, రోజులో నువ్వు చేసే పనులు రాసుకో, ఏ పని దగ్గర ఆగిపోతున్నావో అది రాయి అన్నారు. అలాగే కూర్చుని రాశా. పొద్దున స్టాండప్ (టీమంతా రోజూ కలిసే చిన్న మీటింగ్), క్లయింట్ కాల్, నైట్ ఆన్‌కాల్ (రాత్రి ఏదైనా సమస్యొస్తే లేచి చూడాల్సిన డ్యూటీ), ట్రైనింగ్ వీడియోలు, ఫైర్ అలారం. ఒక్కోదాని పక్కన ఏం అడ్డొస్తోంది, ఏం మారిస్తే సరిపోతుంది, దానికి డబ్బు అవుతుందా అవదా. సగానికి పైగా వాటి పక్కన "ఖర్చు లేదు" అనే వచ్చింది. ఆడియాలజిస్టు గారి లెటర్ కూడా అదే పద్ధతిలో తీసుకున్నా, గ్రాఫులు, డెసిబెల్సూ కాకుండా "నిశ్శబ్దంగా ఉన్న చోట ఎదురెదురుగా అయితే మాట అర్థం చేసుకోగలరు, గుంపులోనూ స్పీకర్ ఫోన్‌లోనూ అర్థం చేసుకోలేరు, క్యాప్షన్లు (మాటలు స్క్రీన్ మీద అక్షరాలుగా పడటం), రిమోట్ మైక్ అవసరం" అని మామూలు మాటల్లో. హెచ్చార్‌లో ఆడియోగ్రామ్, అంటే ఆ వినికిడి గ్రాఫ్ చదవగలిగేవాళ్ళు ఎవరుంటారు చెప్పండి.

మెయిల్ హెచ్చార్‌కి, కాపీ మేనేజర్‌కి. పంపే ముందు మేనేజర్‌కి నోటితో చెప్పా, మెయిల్‌లో చూసి ఉలిక్కిపడకూడదని. ఆయన మంచివాడే, కానీ మొదటి మాట "మీరు బాగానే మాట్లాడుతున్నారు కదండీ!" నోరు బాగుంటే చెవి కూడా బాగున్నట్టే అని జనం లెక్క.

హెచ్చార్ నుంచి వచ్చిన మొదటి జవాబు, 40 శాతం పైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ జత చేయండి అప్పుడే ప్రాసెస్ చేస్తాం అని. ఇది చాలామంది దగ్గర ఆగిపోయే మెట్టు కాబట్టి కొంచెం వివరంగా చెబుతా. 40 శాతం అనేది రిజర్వేషన్లు, పెన్షన్లు, కొన్ని స్కీముల కోసం పెట్టిన బెంచ్‌మార్క్. పనిలో చిన్న మార్పులు అడగడానికి ఆ గీత అక్కర్లేదు. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే సమస్య ఉన్న ఒక యూపీఎస్సీ అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, బెంచ్‌మార్క్ లేకపోయినా పరీక్షకి స్క్రైబ్‌ని, అంటే చెబితే రాసిపెట్టే మనిషిని ఇవ్వాల్సిందే అని. నేను ఆ సంగతి రెండు లైన్లలో మర్యాదగా రాసి, సర్టిఫికెట్‌కి అప్లై చేస్తున్నా, ఈలోపు ఆడియాలజిస్టు లెటర్ మీద పని మొదలుపెట్టండి అన్నా. మొదలుపెట్టారు. కొట్లాడి ఉంటే ఇంకా లేటయ్యేదని నా అభిప్రాయం.

సర్టిఫికెట్ సంగతి. నేను చేయించుకున్నప్పుడు మీసేవలో సదరం (ప్రభుత్వం వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే క్యాంపు) స్లాట్ బుక్ చేసుకోవాలి, ఇచ్చిన రోజు ప్రభుత్వాసుపత్రిలో క్యాంపుకి వెళ్ళాలి. యూడీఐడీ కార్డుకి (దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు) కేంద్రం వాళ్ళ స్వావలంబన్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో అప్లై చేయొచ్చు, 40 కన్నా తక్కువైతే తెల్ల కార్డు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆ పైన నీలం. క్యాంపు రోజున చెవి వాళ్ళందరినీ ఒక వరండాలో కూర్చోబెట్టి, లోపల్నుంచి అటెండర్ పేర్లు అరిచి పిలుస్తున్నాడు. చెవిటివాళ్ళని! పేరు పిలిచి ఎవరూ లేవకపోతే తర్వాతి పేరు. నేను తలుపు పక్కనే నిలబడి అతని నోరే చూస్తూ ఉన్నా, పక్కన ఉన్న ముసలాయనకి ఆయన పేరు వచ్చినప్పుడు భుజం తట్టి చెప్పా. టోకెన్ నంబర్ రాసి ఒక అట్టముక్క చూపిస్తే అయిపోయేదానికి.

టెస్టులు రెండు. ప్యూర్ టోన్ అంటే గాజు గదిలో కూర్చోబెట్టి కూత వినపడితే బటన్ నొక్కమంటారు. అది మన చేతిలో ఉంటుంది కదా, నటించొచ్చు, అందుకే బెరా కూడా చేయించమంటారు, తలకి తీగలు అంటించి కదలకుండా పడుకోబెడతారు, మెదడు దాకా శబ్దం వెళ్తోందా లేదా అది మిషనే చెబుతుంది. పర్సంటేజ్ లెక్క ఎలాగో చాలామందికి తెలీదు, బాగా వినపడే చెవి శాతాన్ని అయిదుతో గుణించి, రెండోదాని శాతం కలిపి, ఆరుతో భాగిస్తారు. అంటే ఒక చెవి మొత్తం పోయి రెండోది బ్రహ్మాండంగా ఉంటే 17 శాతం కూడా రాదు. ఒక్క చెవితో కాల్ సెంటర్లో పనిచేసేవాళ్ళని అడగండి వాళ్ళ బాధేంటో, కార్డు మాత్రం తెల్లదే. నాకు 40 దాటింది. 40 శాతం, ఆ పైన ఉన్న సర్టిఫికెట్ ఉంటే ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కేసే ఆదాయంలోంచి 75,000, 80 శాతం, ఆ పైన అయితే 1,25,000 తగ్గింపు ఉంది, పాత రెజీమ్‌లో (పాత పన్ను విధానంలో) ఉంటేనే, కొత్త రెజీమ్ ఎంచుకుంటే లేదు, ఇది మా ఫైనాన్స్ వాళ్ళకే నేను చెప్పాల్సి వచ్చింది.

అసలు మీటింగ్. నేను, మేనేజర్, హెచ్చార్ ఆవిడ, ఐటీ సెక్యూరిటీ అతను, ఫెసిలిటీస్ అతను. చిన్న రూమ్ అడిగా, అందరూ నాకు కనపడేలా గుండ్రంగా కూర్చోమన్నా. హెచ్చార్ ఆవిడ చాలా ప్రేమగా మొదలుపెట్టారు, "మీకు స్ట్రెస్ లేకుండా క్లయింట్ కాల్స్ లేని రోల్‌లోకి మారుస్తాం, టెస్ట్ డాక్యుమెంటేషన్ టీమ్‌లో ఒక ఖాళీ ఉంది" అని. విని (వినపడింది, చిన్న రూమ్ కదా) ఒక్క నిమిషం మాట్లాడలేదు. వాళ్ళ ఉద్దేశం చెడ్డది కాదు, అదే ప్రమాదం. క్లయింట్ ముందు లేని లీడ్‌కి తర్వాతి ప్రమోషన్ ఎక్కణ్ణించి వస్తుంది? నేను అడిగింది పని తీసేయమని కాదండీ, పని చేసుకోనివ్వమని అన్నా. నా మెయిల్ ప్రింట్ బయటికి తీసి, ఒక్కో పని మీద వేలు పెట్టి ఇది చేస్తారా చేయరా, చేయలేకపోతే ఎందుకు, ప్రత్యామ్నాయం ఏంటి, అంతవరకే మాట్లాడదాం అన్నా. ఆ కాగితం లేకపోతే ఆ రోజు నేను డాక్యుమెంటేషన్ టీమ్‌లో తేలేదాన్ని.

ఐటీ సెక్యూరిటీ దగ్గర రెండు చిక్కులు. మీటింగులకి వాడే మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో లైవ్ క్యాప్షన్స్ మా కంపెనీలో ఆపేసి ఉన్నాయి, కారణం అడిగితే క్లయింట్ డేటా, రికార్డ్ అవకూడదు అన్నాడు. క్యాప్షన్ వేరు, ట్రాన్స్‌క్రిప్ట్ వేరు, క్యాప్షన్ స్క్రీన్ మీద వచ్చి పోతుంది, ఫైలుగా మిగిలేది ట్రాన్స్‌క్రిప్టే, నాకు మొదటిది చాలు అని చెప్పా. చెక్ చేసుకుని నా ఐడీకి ఆన్ చేశారు. రెండోది బ్లూటూత్. ల్యాప్‌టాప్‌లలో బ్లాక్. నా మిషన్లు బ్లూటూత్‌తో సౌండ్ నేరుగా చెవిలోకి తీసుకుంటాయి, దానికి ఎక్సెప్షన్ రిక్వెస్ట్ పెడితే ఆ టికెట్ బెంగళూరు వెళ్ళింది, అక్కణ్ణించి ఇంకెక్కడికో వెళ్ళింది, "బిజినెస్ జస్టిఫికేషన్" అనే బాక్స్‌లో ఏం రాయాలో తెలీక "చెవులు" అని రాద్దామనిపించింది. చివరికి యూఎస్‌బీకి పెట్టే డాంగిల్ ఒకటి అప్రూవ్ అయింది. రిమోట్ మైక్ కూడా, అంటే టేబుల్ మీద పెడితే ఎవరు మాట్లాడితే వాళ్ళ గొంతు మిషన్‌లోకి పంపేది, కంపెనీయే కొనింది. దాని ధర చూసి నేనే తటపటాయించా కానీ పర్చేజ్ వాళ్ళు కిక్కురుమనలేదు. మిషన్లు మాత్రం నా సొంత ఖర్చే, మా గ్రూప్ ఇన్సూరెన్స్‌లో వినికిడి యంత్రాలు ఎక్స్‌క్లూజన్ లిస్టులో ఉన్నాయి, అది ఎంత అడిగినా కదల్లేదు.

కొనేవి ఏవైనా ఇలా తొందరగానే అయిపోయాయి, కొటేషన్, అప్రూవల్, డెలివరీ. పైసా ఖర్చు లేనివే నా ప్రాణం తీశాయి.

క్యాప్షన్స్ ఆన్ చేయగానే పండగ చేసుకున్నా. క్లయింట్ కాల్‌లో సూపర్, అమెరికా వాళ్ళ ఇంగ్లీషు చక్కగా పడుతోంది. మర్నాడు మా టీమ్ స్టాండప్. మా వాళ్ళు మాట్లాడేది తెలుగు, మధ్యమధ్యలో ఇంగ్లీషు, ఒకళ్ళిద్దరు హిందీ. "నిన్నటి బిల్డ్‌లో అది పగిలింది, మళ్ళీ చూడాలి" అని ఒకడంటే స్క్రీన్ మీద ఏం పడిందో తెలుసా, "నినా టీ బిల్ లో, ఆడీ ప్యాకేజ్ లింక్, మాలీ చూ డాలీ". ఎవరీ నినా, ఆవిడ టీ బిల్లు మనకెందుకు? స్క్రీన్ షేర్ చేసి చూపిస్తే టీమంతా పడీపడీ నవ్వారు, నేనూ నవ్వా, ఆ తర్వాత మా రిలీజ్‌కి నినా అనే పేరు కూడా పెట్టుకున్నాం. కానీ సమస్య సమస్యే కదా.

సరే స్టాండప్ ఇంగ్లీషులో పెడదాం అన్నారు. రెండు రోజులకే గాలి మారింది. తెలుగులో గలగలా మాట్లాడే కుర్రాడు ఇంగ్లీషులో "నో అప్‌డేట్స్ ఫ్రమ్ మై సైడ్" అని ముగించేస్తున్నాడు. అంటే నాకు వినపడుతోంది కానీ వినడానికి ఏమీ లేదు. నా కోసం వాళ్ళ నోరు కట్టేయడం నాకే నచ్చలేదు. అందుకని వేరే దారి పట్టాం, తెలుగులోనే మాట్లాడండి, కానీ రోజుకొకరు షేర్డ్ డాక్యుమెంట్‌లో నోట్స్ టైప్ చేయాలి, తేదీలు, పేర్లు, డిఫెక్ట్ నంబర్లు తప్పకుండా రాయాలి, ఒకేసారి ఇద్దరు మాట్లాడకూడదు, మైక్ ఎవరి ముందుంటే వాళ్ళే మాట్లాడాలి. ఇది పేపర్ మీద భలే ఉంది. మొదట్లో బాగా చేశారు. తర్వాత డెడ్‌లైన్ దగ్గరపడగానే నోట్స్ డాక్యుమెంట్‌లో "సేమ్ యాజ్ యెస్టర్‌డే" అని పడటం మొదలైంది. మైక్ టేబుల్ చివర బిస్కెట్ ప్యాకెట్ల పక్కన అనాథలా ఉండేది. గుర్తుచేస్తే "అయ్యో సారీ అక్కా" అని వెంటనే సర్దుకుంటారు, పది నిమిషాల్లో మళ్ళీ మామూలే. రోజూ గుర్తుచేసే మనిషిగా ఉండటం ఎంత అలసటో అది చేసినవాళ్ళకే తెలుస్తుంది, వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి ఇంకా కష్టం, కోప్పడలేం.

ఒకరోజు ఎవరో డెవలపర్ మీద చిరాకొచ్చి మా మేనేజర్ "ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది" అన్నారు. నోట్స్ రాసే అమ్మాయి అది కూడా టైప్ చేసేసింది, నేను చదివా, ఆయన నా వైపు చూశారు, పాపం ముఖం పాలిపోయింది. నేనేం అనలేదు. కానీ ఆ రోజు సాయంత్రం ఆయనే వచ్చి స్టాండప్ సంగతి ఏం చేస్తే నిలబడుతుందో చెప్పండి అన్నారు. నేను గుర్తుచేయకూడదు, మీరు గుర్తుచేయాలి అన్నా. ఇదొక్కటే పనిచేసింది. మేనేజర్ "మైక్ తీసుకుని చెప్పు" అంటే అది మీటింగ్ రూల్, నేనంటే అది నా అవసరం. నోట్స్ లేకపోతే స్టాండప్ అయినట్టు కాదు అని ఆయన పెట్టిన తర్వాత, విచిత్రం ఏంటంటే, నోట్స్ ఎక్కువగా చదివేది లీవులో ఉన్నవాళ్ళూ, రాత్రి షిఫ్టు వాళ్ళూ. మీ మేనేజర్ దగ్గర ఏదైనా ఒక్కటే అడగగలిగితే ఇది అడగండి.

ఆన్‌కాల్ కొంచెం సున్నితం. రాత్రి మిషన్లు తీసేసి పడుకుంటా, ఫోన్ నెత్తిమీద మోగినా తెలీదు. అలర్ట్ టూల్‌లో కాల్‌కి బదులు మెసేజ్ పెట్టుకుని, వాచ్ వైబ్రేట్ అయ్యేలా చేసుకుని చూశా, కొన్నిసార్లు లేచా, కొన్నిసార్లు మా ఆయన లేచి నన్ను లేపారు. ఆయన నిద్ర కంపెనీ సపోర్ట్ సిస్టమ్‌లో భాగం కాదు కదా. చివరికి నైట్ ఆన్‌కాల్ తీసేసి దానికి బదులు శని ఆదివారాల పగటి షిఫ్టులు నేను ఎక్కువ తీసుకునేట్టు ఒప్పుకున్నాం. ఇది మెయిల్‌లో టీమ్ అందరికీ లెక్కతో సహా పెట్టమని నేనే పట్టుబట్టా. "ఆవిడకి నైట్స్ లేవంట" అన్న మాట క్యాంటీన్‌లో తిరగకముందే "ఆవిడ వీకెండ్స్ చేస్తోంది" అన్నది కూడా తెలియాలి. అయినా ఒకళ్ళిద్దరు గొణిగారు. గొణుగుడు నాకు వినపడదు కాబట్టి సరిపోయింది.

ఫైర్ అలారం కథ ఇంకా పూర్తవలేదు. ఒక డ్రిల్ రోజు నేను చిన్న ఫోన్ బూత్ రూమ్‌లో తలుపేసుకుని పనిచేసుకుంటున్నా, బయటికొస్తే ఫ్లోర్ మొత్తం ఖాళీ, కుర్చీలు మాత్రమే ఉన్నాయి, కిందికి దిగితే అందరూ పార్కింగ్‌లో వరసల్లో నిలబడి అటెండెన్స్ ఇస్తున్నారు. నిజం మంట అయితే? దీపం వెలిగి ఆరే అలారం పెట్టాలని అడిగితే ఫెసిలిటీస్ అతను నిజాయితీగా చెప్పాడు, మేడమ్ బిల్డింగ్ మనది కాదు, ఓనర్ పర్మిషన్ కావాలి, ప్యానెల్ వాళ్ళది అని. మా ఫ్లోర్‌లో కారిడార్లలో పెట్టారు. వాష్‌రూమ్‌ల్లో ఇంకా రాలేదు, నిజానికి మనిషి ఒంటరిగా ఉండేది అక్కడే. ఈలోపు ఇద్దరు బడ్డీలని పెట్టారు, అలారం మోగితే నన్ను వెతికి తీసుకెళ్ళాలి. ఒక్కరే చాలదు, ఆ ఒక్కరూ లీవులో ఉంటే? ఇద్దరు కావాలని అడగండి.

రేటింగ్ గురించి కదా అందరి భయం. ఆ సంవత్సరం రివ్యూ డ్రాఫ్ట్‌లో "కమ్యూనికేషన్ మెరుగుపరుచుకోవాలి" అని ఒక లైన్ వచ్చింది. ఉదాహరణ చెప్పండి అని అడిగితే మేనేజర్ చెప్పినవన్నీ రిమోట్ మైక్ రాకముందు, క్యాప్షన్స్ లేనప్పటి మీటింగులవే. అది నా కమ్యూనికేషన్ కాదు, ఇవ్వాల్సిన వసతి ఇవ్వనప్పటి కాలం అని తేదీలతో సహా రాసిచ్చా, నా మొదటి మెయిల్ తేదీ, మైక్ డెలివరీ తేదీ. ఆ లైన్ తీసేశారు. రేటింగ్ అంతకుముందు ఏడాదిదే వచ్చింది, పెరగలేదు, తగ్గలేదు. ఆ లైన్ మొదట్లో ఉండటం వల్లే పెరగలేదా అంటే చెప్పలేను. అందుకే అంటున్నా, నోటితో ఎంత చక్కగా మాట్లాడుకున్నా తర్వాత "ఇందాక మనం అనుకున్నట్టు" అని ఒక మెయిల్ కొట్టి పెట్టుకోండి. ఆ మెయిల్స్‌ని ఒక ఫోల్డర్‌లో ఉంచండి.

ఏదీ కుదరకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయొచ్చు, తెలంగాణలో వికలాంగుల శాఖ ఆఫీసు మలక్‌పేట వికలాంగుల సంక్షేమ భవన్‌లో ఉంటుంది. నాకు అక్కడిదాకా వెళ్ళే అవసరం రాలేదు. వెళ్ళినవాళ్ళ అనుభవం వాళ్ళు రాస్తే బాగుంటుంది.

ఇప్పుడు ప్రాజెక్ట్ మారుతున్నా. ఇక్కడ ఇంకో తలనొప్పి, ఇన్నాళ్ళూ కుదుర్చుకున్నవన్నీ పాత మేనేజర్ మెయిల్ బాక్స్‌లోనే ఉన్నాయి, సిస్టమ్‌లో ఎక్కడా లేవు, కాబట్టి మళ్ళీ ఓనమాలు. హెచ్చార్‌ని పట్టుకుని నా ఎంప్లాయీ రికార్డ్‌లో ఒక పేజీ ఎక్కించమన్నా, ఏ వసతులు ఒప్పుకున్నారో, ఎప్పట్నుంచో, జబ్బు వివరాలు లేకుండా, నేను ఏ టీమ్‌కి వెళ్తే ఆ మేనేజర్‌కి మాత్రమే కనపడేలా. ఎక్కించారు, లయజన్ ఆఫీసర్ పేరు కూడా పాలసీలో మార్చారు ఎట్టకేలకి. కొత్త మేనేజర్ ఆ పేజీ చదివి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, మేం రోజూ వైట్‌బోర్డ్ దగ్గర నిలబడి గంటలకొద్దీ డిజైన్ మాట్లాడుకుంటాం, అది ఎలా చేద్దాం అని. బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడేవాళ్ళ పెదాలు కనపడవు, మైక్ మెడలో వేస్తే పక్కనున్నవాళ్ళ మాట అందదు. ప్రస్తుతానికి రాసేవాళ్ళు రాసి, తిరిగి, అప్పుడు మాట్లాడాలి అని ట్రై చేస్తున్నాం, సగం సగం పనిచేస్తోంది. ఇంతకన్నా మంచి ఉపాయం మీ టీముల్లో ఎవరైనా చేసి ఉంటే కాస్త చెప్పండి, వచ్చే సోమవారం నుంచి పెద్ద డిజైన్ సెషన్లు ఉన్నాయి.